ఒక్క రూపాయి లిమిట్

పుట్టిన నాలుగో రోజునే నా కూతురు హాస్పిటల్లో బందీ అయింది. ఎవరో పగవాళ్లు చేసిన పని కాదండీ. సాక్షాత్తూ కన్నతండ్రిని, నేనే, బ్యాంకు వెబ్‌సైటులో కూర్చుని శ్రద్ధగా చేసిన ఘనకార్యం. పాపకిప్పుడు నాలుగేళ్లు. కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టేలోపు నిజం ఒప్పేసుకుంటే మంచిదని ఇది రాస్తున్నాను.

అప్పట్లో నేను అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెప్పేవాణ్ణి. టెస్టింగ్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. అంకె రాయమన్న గడిలో అక్షరాలు రాయడం, వంద రాయమంటే మైనస్ వంద రాయడం, అది ఒప్పుకుంటుందో తిట్టి పంపిస్తుందో చూడటం. చంటిపిల్లలు ఇంట్లో ఊరికే చేసే పనికి మా దగ్గర రెండు నెలల కోర్సు, ఫీజు రెండు వాయిదాల్లో.

అమీర్‌పేటలో ఏ కోర్సుకైనా ముందు ఉచిత డెమో క్లాసు ఉంటుంది. అదో రకం పెళ్లిచూపులు. ఆ గంటలో మాస్టారు నచ్చితే ఫీజు కడతారు, నచ్చకపోతే మా మెట్లు దిగి పక్క బిల్డింగు మెట్లెక్కుతారు. అందుకే మా ఇన్‌స్టిట్యూట్ ఓనరు నర్సింగన్న ముందురోజు నన్ను పిలిచాడు.

"తమ్మీ, అందరు సుత డూప్లికేట్ బ్యాంకు సైటు వెట్టి చూపిస్తుండ్రు. మనం జర ఒరిజినల్ చూపియ్యాలె."

"ఒరిజినల్ అంటే?"

"అసలు బ్యాంకు, అసలు అకౌంటు. పోరగాండ్లు పరేషానైపోవాలె."

"ఎవరి అకౌంటన్నా?"

నర్సింగన్న నా వైపు ప్రేమగా చూశాడు. బుద్ధున్నవాడైతే అక్కడే దండం పెట్టి బయటపడేవాడు. నేను మురిసిపోయాను.

పైగా అప్పటికి నా ఖాతా మామూలు ఖాతా కాదు. మా ఆవిడ సునీత కాన్పు కోసం ఫిక్సెడ్ డిపాజిట్ మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకుని ఉన్నాను. అంటే ఖాతాలో మన డబ్బు అయిపోయినా, ఫలానా లిమిట్ దాకా బ్యాంకే వాడుకోనిస్తుంది. సునీత డబ్బు కూడా అందులోకే లాగేశాను. మా అత్తయ్యగారు భీమవరం నుంచి బ్యాగు అడుగున చీరల మధ్య దాచి తెచ్చిన నగదునైతే, "ఈ రోజుల్లో నోట్లేంటండీ అత్తయ్యగారూ" అని నవ్వి, దగ్గరుండి అదే ఖాతాలో వేయించాను. ఆవిడ రసీదును రెండుసార్లు చదువుకుని లోపల పెట్టుకున్నారు.

సోమవారం ఉదయం ఏడింటికి డెమో. పదకొండింటికి పంజాగుట్ట హాస్పిటల్లో సునీత డిశ్చార్జి. ఒక్క మెట్రో స్టేషను దూరమే కదా అని నా ధీమా.

క్లాసు కిటకిటలాడిపోయింది. పాస్‌వర్డు కొట్టేటప్పుడు ప్రొజెక్టరుకు రుమాలు అడ్డం పెట్టాను. అంత జాగ్రత్తపరుణ్ణి! క్రెడిట్ కార్డు లిమిట్ మార్చే గడి తెరిచి మైనస్ ఐదు అని కొట్టాను. బ్యాంకు ఛీకొట్టింది. ఏబీసీడీ అన్నాను, ఛీకొట్టింది. వంద కోట్లన్నాను, మళ్లీ ఛీ. "చూశారా, ఎంత గట్టి సైటో! ఇప్పుడు అతి చిన్న అంకె ఇద్దాం" అని ఒక్క రూపాయి కొట్టాను. మారు మాట్లాడకుండా ఒప్పుకుంది. చప్పట్లు! చప్పట్లు వింటే మనిషి ఆగుతాడా? ఓవర్‌డ్రాఫ్ట్ గడిలో సున్నా పెట్టాను. అదీ ఒప్పుకుంది. ఎవరో ఈల కూడా వేశారు. పద్దెనిమిది మంది అక్కడికక్కడే చేరిపోయారు. నర్సింగన్న నన్ను కౌగిలించుకుని చాయ్ తెప్పించాడు. ఆ మత్తులో పాత లిమిట్లు తిరిగి పెట్టాలన్న మాటే మరిచిపోయి మెట్రో ఎక్కాను.

హాస్పిటల్లో అత్తయ్యగారు సామాను సర్దేసి నా కోసమే చూస్తున్నారు.

"ఒంటిగంట నలభైకి వర్జ్యం వచ్చేస్తుందండీ అల్లుడుగారూ. ఈలోపు పిల్లతో గుమ్మం దాటాలి. రేపు మంగళవారం, ఎల్లుండి అమావాస్య. ఇప్పుడు కదలకపోతే గురువారం దాకా ఇక్కడే."

"ఎంతసేపండీ, కార్డు గీకడమే కదా" అన్నాను.

బిల్లు తయారయ్యేసరికి ఒంటిగంట దాటింది. కౌంటర్లో అమ్మాయి కార్డు పెట్టింది. మిషను కీచుమంది.

"సార్, లిమిట్ లేదంటుంది."

"లేకపోవడమేంటమ్మా? మళ్లీ పెట్టు."

"మూడు సార్లు పెట్టిన సార్. ఒక్క రూపాయి దాకా పోతదట."

పొద్దుట క్లాసులో కొట్టిన రూపాయి అప్పుడు గుర్తొచ్చింది. రెండో కార్డిచ్చాను, అది ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాది. అదీ అంతే. ఫోను తీసి లిమిట్లు పెంచుదామని బ్యాంకు యాప్ తెరిస్తే, 'మీ భద్రత కోసం ఖాతా లాక్ చేయబడింది' అని ఎర్రక్షరాలు. సునీత డబ్బూ, అత్తయ్యగారి నగదూ అందులోనే. జేబులో ఉన్నది మూడు వందల నలభై. నర్సింగన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, పొద్దున వచ్చిన ఫీజులోంచి జర..."

"గవి అప్పుడే బిల్డింగు కిరాయికి పోయినయి తమ్మీ. ఫికర్ జెయ్యకు, డెమో మాత్రం మస్తుంది!"

సునీత చక్రాల కుర్చీలో పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఏంటండీ, ఏమైంది?" అంది. "సర్వరు కొంచెం..." అన్నాను. అత్తయ్యగారు గోడ గడియారం వైపు చూశారు. ఒంటిగంట ఇరవై.

అప్పుడు ఫోను మోగింది. రెండు చేతుల్లో ఫ్లాస్కు, దుప్పట్ల సంచీ ఉండటంతో ఫోను కౌంటరు మీదే ఉంచి స్పీకరు నొక్కాను. ఆ రోజు చేసిన తప్పుల్లో అదొకటి.

"నమస్కారం సర్. బ్యాంకు భద్రతా విభాగం నుంచి మాట్లాడుతున్నాం. మీ ఖాతాలో ఎవరో దొంగ చొరబడినట్టుంది."

"ఓటీపీ చెప్పను!" అని అరిచాను.

"మేం అడగలేదు సర్. ఈ ఉదయం మీ లిమిట్ గడిలో ఎవరో మైనస్ ఐదు అని రాశారు. తర్వాత ఏబీసీడీ రాశారు. సొంత ఖాతాతో ఎవరూ ఇలా చెయ్యరు కాబట్టి దొంగే అనుకుని లాక్ చేశాం. మీరు కాదుగా సర్?"

కౌంటరు చుట్టూ ఉన్నవాళ్లు ఇంకాస్త దగ్గరికి జరిగారు. కాదంటే నా పరువు నిలుస్తుంది, పెళ్లాం పిల్లలు గురువారం దాకా ఇక్కడ నిలుస్తారు. ఒంటిగంట ఇరవై ఎనిమిది.

"నేనే" అన్నాను.

"వినపడలేదు సర్."

"నేనేనండీ!"

"మీరే అని రుజువు కావాలి సర్. ఏబీసీడీ తర్వాత ఏం రాశారు?"

"వంద కోట్లు."

"ఆ తర్వాత?"

"ఒక్క రూపాయి. ఓవర్‌డ్రాఫ్ట్‌కి సున్నా."

"ధన్యవాదాలు సర్, సరిపోయింది. లాక్ తీశాం, ఇప్పుడు లిమిట్ పెంచుకోవచ్చు. దయచేసి అంకెలు మాత్రమే రాయండి."

పక్కనున్న పెద్దాయన దగ్గు నెపంతో నవ్వాడు. లిమిట్ పెంచాను, కార్డు పలికింది, ఒంటిగంట ముప్పై ఏడుకి పాప గుమ్మం దాటింది. ఆటో ఎక్కాం. పోనీలే, అంతా సుఖాంతమే అనుకుంటూ ఇంత నవ్వు ముఖం పెట్టి అన్నాను.

"చూశారా అత్తయ్యగారూ, బ్యాంకువాళ్లు ఎంత జాగ్రత్తో! దొంగేమో అనుకున్నారట పాపం."

అత్తయ్యగారు మనవరాలి నెత్తిన టోపీ సర్ది, కూతురి వైపు తిరిగారు.

"దొంగైనా బావుండేదే సునీతా, ఒక్కసారి వచ్చి పోయేవాడు. ఈయన ఇంట్లోనే ఉంటారు కదే!"

ఆ రోజే ఆటోలో ప్రతిజ్ఞ చేశాను. ఇకపై నా పేరున్న ఏ ఖాతానూ, ఏ కార్డునూ, ఏ లిమిటునూ విద్యాదానానికి వాడను. అంతగా చూపించాల్సి వస్తే నర్సింగన్న ఖాతా ఉండనే ఉంది.