గోంగూర తిన్న రోజు మాత్ర

నేను ఏడో తరగతి మూడుసార్లు చదివాను. ఆ లెక్కన ఏడో తరగతి గురించి నాకు తెలిసినంత మా జిల్లాలో ఇంకెవరికీ తెలిసి ఉండకూడదు. నాలుగోసారి కూర్చోమన్నప్పుడు, ఇంక అందులో నేర్చుకోవడానికేమీ మిగల్లేదని చెప్పి బయటికొచ్చేశాను. దర్శిలో సైకిల్ షాపు పెట్టుకున్నాను.

అలాంటి నన్ను మా అక్క తన ఇంటికి వైద్య సలహాదారుగా పెట్టుకుంది. నా గొప్పతనమేమీ లేదు. మాత్రల అట్ట మీద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునైనా చదవగలిగిన వాణ్ణి ఆ ఇంటికి సంబంధించి నేనొక్కణ్ణే.

అక్కనిచ్చిన పల్లె దర్శికి సైకిలు మీద పోయొచ్చే దూరం. బావకి మిరప, పత్తి. మనిషి దుక్కలా ఉంటాడు, పుట్టి బుద్ధెరిగాక జ్వరమొచ్చి పడుకున్నవాడు కాదు. ఆ ఏడు ఎండాకాలం కళ్లంలో మిరపకాయలు తిరగేస్తూ ఉన్నట్టుండి విరుచుకు పడ్డాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, నోటి వెంట నురగ వచ్చింది. ఎవరో పరిగెత్తుకెళ్లి తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టారు. కాసేపటికి తేరుకుంటే తాళాలే కాపాడాయన్నారు. ఎండదెబ్బ అనుకుని మజ్జిగ తాగించి ఊరుకున్నారు. రెండోసారి ఇంట్లో, చల్లగా నీడపట్టున అరుగు మీద కూర్చుని ఉండగా పడ్డాడు. అప్పుడిక ఎండ మీద నెట్టడానికి కుదరక, నన్ను తోడిచ్చి ఒంగోలు పంపారు.

డాక్టరు గారు అన్నీ అడిగి, ఇవి ఫిట్స్ అన్నారు. రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒక మాత్ర. ఒక్కరోజు కూడా మానకూడదు. తగ్గిపోయిందనిపించినా మానకూడదు. ఆపాల్సొస్తే తనే చెప్తానన్నారు, అదీ కొంచెం కొంచెంగా తగ్గిస్తూనట. తాళాలు, ఉల్లిపాయలు ఎందుకూ పనికిరావు, పడితే పక్కకి ఒత్తిగిలించాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు అన్నారు. బావుల్లోకి దిగడం, చెట్లెక్కడం వద్దన్నారు.

బావుల మాట వినగానే నాకు మా అక్క మొహం గుర్తొచ్చింది. మా వైపు నీళ్లు లోతు. ఆయిలింజను బావి బయట పెడితే నీళ్లందవు. అందుకని బావి లోపల, సగం లోతులో, రాతి దిమ్మె మీద ఇంజను కూర్చోబెడతారు. మనిషి మెట్లు దిగి, ఆ దిమ్మె మీద నిలబడి, హ్యాండిల్ పెట్టి తిప్పాలి. వెనక్కి అడుగేస్తే నీళ్లే. అక్కడ ఉండగా ఫిట్స్ వస్తే తాళాలు తెచ్చేవాడు కూడా ఉండడు.

అంతా విని బావ ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"పథ్యం ఏంటండీ?"

"పథ్యం ఏమీ లేదు, అన్నీ తినొచ్చు. సారా మాత్రం ముట్టుకోవద్దు."

బావ మొహం అక్కడే మారిపోయింది. బస్సు పొదిలి రోడ్డెక్కింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "పథ్యం లేని మందు ఏం మందురా బామ్మర్దీ" అన్నాడు.

డాక్టరు పెట్టని పథ్యం ఇంటికెళ్లగానే వాళ్లమ్మ పెట్టింది. అత్తయ్యకి పథ్యాల విషయంలో ఊళ్లో మంచి పేరుంది. బాలింతలకీ కామెర్ల వాళ్లకీ ఏం పెట్టాలో ఆవిణ్ణే వచ్చి అడుగుతారు. ఆవిడ కొడుక్కి గోంగూర ఆపింది, వంకాయ ఆపింది, ఊరగాయ ఆపింది, మాంసం ఆపింది. కొత్తపట్నం నుంచి గంపల్లో వచ్చే ఎండుచేపలు వీధిలోకి వస్తుంటే తలుపు మూయించింది. బీరకాయ కూర, పాత బియ్యపు అన్నం, వాము పొడి. కళ్లంలో ఎర్రగా మిరపకాయల రాశి పోసుకున్న రైతు, ఇంట్లో తెల్లటి అన్నం తిని లేచిపోయేవాడు. నేను వెళ్లినప్పుడల్లా, ఈ ఊళ్లో కారం అమ్మేవాడే గానీ తినేవాడు లేకుండా పోయాడని ఆట పట్టించేవాణ్ణి. నవ్వేవాడు కాదు.

కానీ ఫిట్స్ ఆగిపోయాయి. వేసవి గడిచింది, వానలు పడ్డాయి, విత్తనాలు వేశారు, ఒక్కసారి కూడా రాలేదు. మాత్ర పనిచేస్తోందని నేను సంతోషించాను. పథ్యం పనిచేస్తోందని వాళ్లు సంతోషించారు. ఎవరి సంతోషం వాళ్లది, పోనీలే అనుకున్నాను. అనుకోకుండా ఉండాల్సింది.

శ్రావణంలో వాళ్ల దగ్గరి చుట్టాలింట్లో పెళ్లయింది. పెళ్లన్నాక మూడు నాలుగు రోజులు అక్కడే మకాం. తిరిగొచ్చిన రెండో రోజు పశువుల పాక దగ్గర పడ్డాడు. నాకు కబురొచ్చి వెళ్లేసరికి అత్తయ్య తీర్పు కూడా చెప్పేసింది. పెళ్లిలో గోంగూర పచ్చడి కలుపుకున్నాడు, మాంసం తిన్నాడు, పథ్యం తప్పాడు, అందుకే పడ్డాడు. తర్వాత మళ్లీ అంతే. ఎవరింట్లోనో పెద్దలకు పెట్టుకుంటే వెళ్లి తిన్నాడు, పడ్డాడు. ఎండుచేపల పులుసు మీద మనసుపడి వారం రోజులు బయట తిన్నాడు, పడ్డాడు. నిజం చెప్పొద్దూ, అన్నిసార్లు జరిగేసరికి గోంగూర మీద నాక్కూడా అనుమానమొచ్చింది.

మళ్లీ ఒంగోలు తీసుకెళ్లాను. డాక్టరు గారు, మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా అని అడిగారు. ఎక్కడా తేడా రానివ్వనండీ, నిష్ఠగా వేసుకుంటున్నాను అన్నాడు బావ. అబద్ధమాడే మొహం కాదది. వేసుకున్నా ఆగడం లేదు కాబట్టి డాక్టరు గారు మాత్ర పెంచారు.

పెంచిన మాత్రతో బావ సగం మనిషయ్యాడు. పొద్దెక్కినా లేవడు. మాట ముద్దముద్దగా వచ్చేది. బండి మీద కూర్చుని నిద్రపోతే ఎద్దులే ఇంటికి తెచ్చిపడేసేవి. మందు ఇంత ఘాటుగా ఉందంటే పథ్యం ఇంకా గట్టిగా పట్టాలని అత్తయ్య పప్పు కూడా ఆపింది. ఇంత జరిగాక మళ్లీ ఎక్కడో గోంగూర తిన్నాడు, ఫిట్స్ వెనకటి వాటికన్నా గట్టిగా వచ్చాయి. నాలుక కొరుక్కున్నాడు.

ఆ వారంలోనే సైకిలుకి పంచరు పడి నా షాపుకొచ్చాడు. ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు చూస్తూ, నీకింత నోటి కక్కుర్తి ఏంటి బావా, గోంగూర లేకపోతే చచ్చిపోతావా అని దెప్పాను. పౌరుషమొచ్చింది.

"నేనేమన్నా తెలివితక్కువ వాణ్ణా? గోంగూర తిన్న రోజు మాత్ర ముట్టుకోను. పథ్యం తప్పి మందేసుకుంటే విషమైపోదూ?"

చేతిలో ట్యూబు నీళ్లలోకి జారిపోయింది. పెళ్లికెళ్లిన అన్ని రోజులూ మాత్ర లేదు. ఎండుచేపలు తిన్న వారమంతా మాత్ర లేదు. మనిషి నిష్ఠగానే ఉన్నాడు, ఆ నిష్ఠే బావని పడేస్తోంది.

ఆ ట్యూబే చూపించి చెప్పాను. ఇది పెద్ద పంచరు కాదు బావా, సన్న బెజ్జం. గాలి ఒక్కసారే పోదు. రెండు రోజులు బాగానే తిరుగుతావు, మూడో రోజు నడిరోడ్డు మీద కూలబడతావు. మాత్ర ఆపినా అంతే, ఒంట్లో ఉన్నది దిగిపోయాక పడతావు. శ్రద్ధగా విన్నాడు. విని, "మరి గోంగూర తిన్నాకే ఎందుకు పడుతున్నాను" అన్నాడు.

కోపమొచ్చి పత్తి సంగతెత్తాను. అది మా వైపు పత్తి మీద తెల్లదోమ పడ్డ ఏడు. పత్తికి మందు కొట్టడం ఒక్కరోజు ఆలస్యమైతే బావకి అన్నం సహించేది కాదు. అప్పు చేసైనా కొట్టేవాడు, ఒక మందుకి దోమ చావకపోతే రెండు కలిపి కొట్టేవాడు, మూతికి గుడ్డయినా కట్టుకోకుండా ఆ మందు తుంపరలో తడిసేవాడు. మరి పత్తికి పథ్యం పెట్టావా బావా అని అడిగాను. కాసేపు ఆలోచించి, పత్తి గోంగూర తినదు కదరా అన్నాడు. నేను షాపు మూసి టీ తాగడానికి పోయాను.

ఈసారి డాక్టరు గారి దగ్గర నేనే ముందు మాట్లాడాను. ఆయన విని తల పట్టుకున్నారు. పెద్ద మాత్రకి అలవాటుపడ్డ ఒళ్లు, హఠాత్తుగా ఆపితే ఇంకా గట్టిగా తిరగబడుతుందని చెప్పారు. మాత్ర మళ్లీ మెల్లగా తగ్గిస్తానన్నారు. నువ్వు గోంగూర తిను, మాంసం తిను, నీ ఇష్టమొచ్చింది తిను, మాత్ర మాత్రం వేసుకో అని చెయ్యెత్తి దణ్ణం పెట్టినంత పని చేశారు. బావ వినయంగా తలూపాడు. బయటికొచ్చాక, ఆయన పొద్దున్నుంచి భోజనం చేసినట్టు లేదు, విసుగులో అన్నాడులే అన్నాడు.

అక్క నాలాగా గొంతు చించుకునే రకం కాదు. మొగుడు పొద్దున్నే ఇంజను హ్యాండిల్ భుజాన వేసుకుని బయల్దేరినప్పుడల్లా ఆవిడ ప్రాణం బావిలోనే ఉండేది. ఇంజను తిప్పడానికి ఒక మనిషిని పెట్టుకుందామంటే, నాకు జబ్బని ఊరంతా టముకు వేయిస్తావా అని కసిరేవాడు. అందుకని అత్తయ్య దగ్గర కూర్చుని నెమ్మదిగా ఒక మాట వేసింది. డాక్టరు కొత్త మాత్ర రాశాడనీ, దాని గుణమే వేరనీ, అది గోంగూరకీ నీచుకీ విరుగుడనీ చెప్పింది. అవి తిన్న రోజు ఈ మాత్ర తప్పకుండా పడాలి, లేకపోతే ఫిట్స్ అంది. మాత్ర పాతదే.

విరుగుడనే మాట అత్తయ్య తలకెక్కింది. ఆ రాత్రే గోంగూర వండింది. బావ ఎన్నో నెలల తర్వాత తన ఇంట్లో కడుపునిండా తిని, తనే అడిగి మాత్ర వేసుకున్నాడట. ఇంట్లో రోజూ గోంగూరో ఎండుచేపో ఉండేది, రోజూ మాత్ర పడేది. ఫిట్స్ మళ్లీ ఆగిపోయాయి. మాత్ర తగ్గాక మత్తు కూడా విడిచింది. ఏడో తరగతి నువ్వు చదవాల్సింది, నేను కాదు అని అక్కకి చెప్పాను.

అప్పుడు కార్తీకమాసం వచ్చింది.

అత్తయ్య కార్తీకం గట్టిగా పాటిస్తుంది. ఇంట్లో నీచు రాదు. ఉల్లి, వెల్లుల్లి గడప దాటవు. వెల్లుల్లి వెయ్యని గోంగూర పచ్చడి మా వైపు ఎవరూ కలుపుకోరు కాబట్టి అదీ లేదు. అక్కా నేనూ దాని గురించి ఆలోచించనే లేదు. బావ మాత్రం ఆలోచించాడు. గోంగూర లేనప్పుడు విరుగుడెందుకని, అక్క చేతిలో పెట్టిన మాత్రని చొక్కా జేబులో వేసుకుని ఊరుకునేవాడు. దండగెందుకు, కార్తీకం పోయాక పనికొస్తాయిలే అనుకున్నాడట.

మిరపకి తడి పెట్టే రోజులు. అక్క అన్నం తీసుకుని చేలోకి వెళ్లింది. ఇంజను చప్పుడు వినపడలేదు. బావి గట్టు మీదికెళ్లి వంగి చూసింది. బావ దిమ్మె మీద పడి కొట్టుకుంటున్నాడు, ఒక కాలు నీళ్ల మీద వేలాడుతోంది. ఎప్పుడూ బావిలోకి దిగని మనిషి, చీర ఎగదోపి ఆ మెట్లు ఎలా దిగిందో తనకే తెలియదు. చొక్కా పట్టుకుని గోడవైపు లాగి, డాక్టరు చెప్పినట్టు పక్కకి ఒత్తిగిలించి, తన ఒళ్లు అడ్డం పెట్టి కూర్చుంది. పక్క చేలో వాళ్లు కేకలు విని తాడు తెచ్చేదాకా అలాగే ఉంది. హ్యాండిల్ నీళ్లలో పడింది, మనిషి పడలేదు. బావ కుడి మణికట్టు విరిగింది. పైకి లాగుతుంటే జేబులోంచి మాత్రలు జలజలా రాలాయి.

ఒంగోల్లో బావకి కట్టు కట్టించి ఇంటికొచ్చాక నేను ఇంక మర్యాద పాటించలేదు. అక్క గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, మెట్ల రాళ్లకి గీరుకున్న మోచేతులకి పసుపు రాసుకుని. అత్తయ్య కొడుకు ముందు బీరకాయ అన్నం పెట్టి, పక్కనే చెంబుతో నీళ్లు, మాత్ర పెట్టింది. పైకి చెప్పకపోయినా ఆవిడ వరకు తీర్పు మారింది.

విరుగుడు అబద్ధమని చెప్పేశాను. గోంగూర తిన్నా వేసుకోవాలి, తినకపోయినా వేసుకోవాలి. పెళ్లిలో, తద్దినంలో, కార్తీకంలో, ఉపవాసమున్న రోజు, ఒంట్లో బాగున్న రోజు, నా మీద కోపమొచ్చిన రోజు కూడా వేసుకోవాలి. ఇంజను ఇంకొకడు తిప్పుతాడు. ఎన్నిసార్లు చెప్పాలి, నా నోరు పడిపోతోంది, ఇప్పటికైనా అర్థమైందా అని అరిచాను.

బావ ఎడమచేత్తో మాత్ర నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, చెంబు నిదానంగా కింద పెట్టాడు.

"ఏడో తరగతి నీకు మూడేళ్లు చెప్పినా ఎక్కలేదు గదరా. నాకు చెప్పబట్టి ఏడాదన్నా కాలేదు, అప్పుడే ఏం తొందర?"