తలుపు ఆలస్యంగా తీసిన మేష్టారు

కోవిడ్ వార్డులు ఖాళీ అయిన మరుసటి ఏడాది. చిక్కబళ్ళాపురలోని ఒక ఆసుపత్రిలో నేను సర్జికల్ వార్డు ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. మాది బాగేపల్లి. నర్సుగా చేరిన నాటినుంచి పాముకాట్లు, బైకు యాక్సిడెంట్లు, కొడవలి దెబ్బలు చూస్తూనే ఉన్నాను. అడవిపందుల కోసం ఉంచుకున్న తుపాకి పొరపాటున పేలి పాదం పోగొట్టుకున్న రైతుకు కట్టు కట్టాను. పాఠం చెప్పే చోట తుపాకి దెబ్బ తిన్న మనిషిని చూడటం మాత్రం అదే మొదలు.

ఆయన పేరు శ్రీనివాసులు. చింతామణి వైపు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బాటనీ లెక్చరర్. ఆయనతోపాటు సుమ అనే విద్యార్థినిని కూడా తెచ్చారు. బట్లహళ్ళి దగ్గర రైతుల బిడ్డ, ఫైనలియర్. ఆమె కాగితం మీద డాక్టరు 'బ్రాట్ డెడ్' అని రాశారు. ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయిందని దానర్థం. కాల్చింది ఆమె క్లాసువాడే. చాలాకాలంగా వెంటపడుతున్నాడట. పంట కాపలా కోసం వాళ్ళ తాత పేరు మీద లైసెన్సు ఉన్న రెండు గొట్టాల తుపాకిని గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. రెండు తూటాలూ పేల్చి, మెట్ల మీద కూర్చుని ఉండగా పోలీసులు పట్టుకున్నారు.

అలాంటి తూటాలో ఒక్క గుండు ఉండదు. జొన్నగింజలంత సీసపు గుళ్ళు ఉంటాయి. వాటిని పెల్లెట్స్ అంటాం. శ్రీనివాసులు కుడి భుజంలోకి, ఛాతీలోకి దిగాయి. అన్నిటినీ తీయడం కుదరదు. లోతుకు పోయినవాటిని వెతకబోతే అసలు గాయం కంటే ఎక్కువ నష్టం. ఊపిరితిత్తి చుట్టూ చేరిన రక్తం బయటికి రావడానికి పక్కటెముకల మధ్య గొట్టం పెట్టారు. దాన్ని ఛెస్ట్ డ్రెయిన్ అంటాం. ఆ గొట్టం మడతపడకుండా, సీసా ఛాతీ కంటే కిందే ఉండేలా చూసుకోవడం మా పని.

ఆయన కళ్ళు తెరిచేసరికి లోకం తీర్పు చెప్పేసింది. ఆ పూట ఆయన క్లాసు జరుగుతున్న ల్యాబులో నుంచి ఒక విద్యార్థి ఫోనులో తీసిన వీడియో ఊరూరా తిరుగుతోంది. మూసిన తలుపు, దానికి చెయ్యి ఆనించి నిలబడిన మేష్టారు, బయటినుంచి తలుపు బాదుతున్న చప్పుడు. అంతవరకే ఉంది. ఆ తర్వాత ఏమైందో అందులో లేదు. "తలుపు తీయని సారు ఈయనేనా?" అని మందులివ్వడానికి వచ్చిన మా పిల్ల సిస్టర్ నా చెవిలో అడిగింది. పక్క మంచాల వాళ్ళ చుట్టాలు టీ తాగడానికి వెళుతూ ఆయన మంచం దగ్గర ఒక్క క్షణం ఆగి, చూసి, పోయేవారు.

ఆయన భార్య పద్మ అదేమీ పట్టించుకునే స్థితిలో లేదు. మొగుడి మణికట్టుకు ఎర్రదారం కట్టింది, నుదుట ఆలంబగిరి గుడి కుంకుమ పెట్టింది. "గుండెకు పక్కనే ఆగినాయంట సిస్టర్. ఆ వెంకటరమణస్వామే కాపాడినాడు" అంది. నేను అవునమ్మా అన్నాను. వార్డులో ఆ మాట రోజూ వింటాం, రోజూ అంటాం.

మూడోనాడనుకుంటాను, కాలేజీని నడిపే ఆడళిత మండళి నుంచి ఒక పెద్దమనిషి యాపిల్ పళ్ళు, ప్రసాదం పట్టుకొని వచ్చాడు. నేను డ్రెయిన్ చూస్తున్నాను. అలాంటివాళ్ళ కంటికి నర్సు కూడా సెలైన్ స్టాండు లాంటిదే. నేనున్నానని గొంతయినా తగ్గించలేదు.

"చూడప్పా శ్రీనివాసులూ, పోలీసోళ్ళు వస్తారు. లవ్ మేటర్ అని చెప్పేయి. ఇద్దురూ తిరుగుతాండ్రి, మేము మందలించినాము, అంతే. నీ తలుపు సంగతి మేము చూసుకుంటాము."

శ్రీనివాసులుకు గట్టిగా ఊపిరి పీలిస్తే నొప్పి. ఆగి ఆగి అన్నాడు: "లవ్ యాడుండాది సార్? ఆ పాప దూరు ఇచ్చింది కదా, వాడి మీద కంప్లైంటు. ప్రిన్సిపాల్ దగ్గరికి నేనే పిలుచుకొని పోయినాను."

"ఇచ్చింది. అది ఎవురికి తెలుసు? పోయిన పాపకి, నీకు, మాకు." లేచి, పళ్ళ సంచి బల్ల మీద సర్దాడు. "కాలేజీలో శాంతిహోమం పెట్టుకున్నాము. నీ పేరున కూడా సంకల్పం చేయిస్తాములే."

ఇలాంటి కేసును మేము ఎం.ఎల్.సి. అంటాం, పోలీసు విచారణతో ముడిపడిన కేసు. రోగి మాట్లాడగలడని డాక్టరు చెప్పాకే పోలీసులు మంచం దగ్గరికి వచ్చి వాంగ్మూలం తీసుకుంటారు. మర్నాడు వస్తామని కబురు పెట్టారు. ఆ మధ్యాహ్నమే సుమ తల్లి నారాయణమ్మ వచ్చింది.

గొడవ చేస్తుందేమోనని సెక్యూరిటీ మనిషి ఆమెను వార్డు బయటే ఆపేశాడు. నేను వెళ్ళేసరికి గోడకానుకొని నిలబడి ఉంది. కళ్ళలో నీళ్ళు లేవు.

"కొట్టేకి రాలేదు తల్లీ. ఆ సారును ఒక మాట అడగాల. అడిగి పోతాను" అంది.

శ్రీనివాసులును అడిగాను. రమ్మన్నాడు. ఆమెను చూడగానే పద్మ మంచానికి అడ్డం నిలబడింది. "మా ఇంటాయన కూడా సావు తప్పి బతికినాడమ్మా. దేవుడు కాపాడినాడు. ఏమీ అనొద్దమ్మా."

"ఏ దేవుడమ్మా?" అంది నారాయణమ్మ.

"ఆలంబగిరి స్వామి."

"మా ఇంటి దేవుడూ ఆ స్వామే. ఆ పొద్దు నా బిడ్డ ఆయప్ప కుంకుమ పెట్టుకొనే కాలేజీకి పోయింది. నీ మొగుడికి అడ్డం నిలబడినోడు నా బిడ్డకి వీపు తిప్పినాడా?"

పద్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని పక్కకు తప్పుకుంది. నారాయణమ్మ మంచం దగ్గరికి వచ్చింది.

"నా బిడ్డ తలుపు కొట్టినపుడు ఏమనింది సారూ?"

వినపడలేదని ఆయన చెప్పవచ్చు. ఆ గోలలో వినపడలేదంటే కాదనేవాళ్ళెవరూ లేరు. అలా చెబితే బాగుండునని నాకూ అనిపించింది.

"సార్, నేను సుమని, తలుపు తీయండి అనింది."

"నీకు ఇనపడిందా?"

"ఇనపడిందమ్మా. లోపల పిల్లోళ్ళు ఉండారు. వాడు ఆ పాప ఎనకాలే ఉంటే అందర్నీ కాలుస్తాడని భయం. చెయ్యి గడియ మీదనే ఉండాది, తీయలేకపోతిని. మళ్ళీ పిలిచింది. అప్పుడు తీసినాను. అప్పటికే దెబ్బ తగిలింది. నా మీదికే వాలిపోయింది. పట్టుకుంటాండగా రెండోది నాకు తగిలింది."

నారాయణమ్మ తర్వాత అడిగింది విని నేను తల తిప్పుకున్నాను. "లోపలుండే పిల్లోళ్ళు బాగుండారా?"

"బాగుండారమ్మా."

"నిన్ను మన్నించేది నా చేత కాదప్పా. శాపం పెట్టేదీ చేత కాదు. ఏం చేసేదో తెలీలేదు."

"ఇంకొకటి చెప్పాలమ్మా" అన్నాడాయన. వాడు వెంటపడుతున్నాడని సుమ ప్రిన్సిపాల్‌కు దూరు ఇచ్చిందనీ, ఆయన వాణ్ణి పిలిపించకుండా, 'వాళ్ళ తాత మనకు కావలసినవాడు, నువ్వే కొన్నాళ్ళు క్లాసులకు రాకు, పరీక్షలకొస్తే చాలు' అన్నాడనీ చెప్పాడు. ఇంట్లో తెలియకూడదని సుమ తనను బతిమాలుకుందని కూడా చెప్పాడు.

నారాయణమ్మ ఆ మంచం కమ్మీ పట్టుకొని అట్లాగే కిందకు కూర్చుండిపోయింది. "చెప్తే సదువు మాన్పిస్తారని భయపడింది. మాన్పిస్తాంటిమి. నిజంగానే మాన్పిస్తాంటిమి. మాన్పించినా బతికుండేది కదా!" అప్పుడేడ్చింది. కూతురు పోయాక అదే మొదటిసారి ఏడవడమని ఆమె వెంట వచ్చిన తమ్ముడు తర్వాత నాతో చెప్పాడు.

మర్నాడు శ్రీనివాసులు పోలీసులకు అంతా చెప్పాడు. దూరు సంగతి, ప్రిన్సిపాల్ మాట, తలుపు దగ్గర తన ఆలస్యం. ఏదీ దాచలేదు. ఆయన బాగుపడింది శరీరం వరకే. హోమం జరిగింది. సుమ ఫొటోకు పెద్ద పూలమాల వేశారు. నారాయణమ్మ పోలేదు. పత్రికల్లో ప్రేమ వ్యవహారమనే వచ్చింది. ప్రిన్సిపాల్ అదే మండళి నడిపే ఇంకో కాలేజీకి మారాడు. విద్యార్థుల భద్రతలో నిర్లక్ష్యం చూపాడని శ్రీనివాసులు ఉద్యోగం తీసేశారు. ఆయన మూసిన తలుపు వెనక బతికిన పిల్లల తల్లిదండ్రుల్లో ఒక్కరూ ఆయన్ని చూడటానికి వార్డుకు రాలేదు. సాక్ష్యానికి పిలిస్తే మా పిల్లల్ని కోర్టులకు తిప్పొద్దన్నారు. చివరికి కోర్టులో కుర్రాడి తరఫు వకీలు పట్టుకున్నది కూడా ఆయన నిజాన్నే. సమయానికి తలుపు తీసుంటే ఆ అమ్మాయి బతికేది కదా అని నిలదీశాడట.

నిజం దేవుడెరుగు, నీరు పల్లమెరుగు అంటారు. నిందకు కూడా పల్లం తెలుసు. గట్టు మీద కూర్చున్నవాళ్ళ కాళ్ళు తడవవు.

పోయిన ఏడాది చింతామణి మార్కెట్లో నారాయణమ్మ కనబడింది. టమేటా బుట్టలు దింపిస్తోంది. కేసు ఇంకా నడుస్తోందని చెప్పింది. ఏమడగాలో తెలియక, "ఇంట్లో దీపం పెడ్తాండావా అమ్మా?" అన్నాను.

"పెడ్తాండా" అంది. "మొక్కేకి కాదు తల్లీ. దినామూ ఆ స్వామి నా మొగం సూడాల. సూసి సిగ్గుపడాల."

నేను ఇప్పటికీ గుడికి పోతాను. వార్డులో మాత్రం బతికినవాళ్ళతో దేవుడు కాపాడాడని అనడం మానేశాను. రక్తం ఆగింది, జ్వరం తగ్గింది, రేపు గొట్టం తీస్తారు అని చెబుతాను. గోడకు అవతల ఎవరి తల్లి నిలబడి వింటోందో మనకు తెలియదు.