టై కాక టైలు, నా కత్తెర

ఫోన్లో ఏది కనిపిస్తే అది సాయంత్రంలోగా ఇంట్లో తయారుచేసి తీరాలనే జబ్బు నాకు పట్టుకున్న రోజులవి. డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు, పెళ్ళి మాటెత్తితే ఇల్లు పీకి పందిరేస్తానని ఇంట్లో అందరికీ తెలుసు. అలాంటి తీరుబడి మనిషి చేతికి కత్తెర ఇవ్వొద్దని పెద్దలు ఒక్క ముక్క ఎందుకు చెప్పిపోలేదో నాకిప్పటికీ అర్థం కాదు. కొబ్బరి చిప్పలతో దీపాలు చేశాను (అంటుకున్నాయి). నూనె డబ్బాతో స్టూలు చేశాను (చుట్టపాయన కూర్చున్నాడు, లేవలేకపోయాడు). అయినా నా ఉత్సాహం తగ్గలేదు. ఒకరోజు మధ్యాహ్నం ఫోన్లో ఒకావిడ పాత టైలతో ఇంటినిండా సామాన్లు చేసి చూపించింది. చూసిన మరుక్షణం నా కళ్ళు మా టై కాక పడగ్గది తలుపు వైపు వెళ్ళాయి.

టై కాక అంటే మా నాన్న తమ్ముడు. బీదర్ పక్కన నౌబాద్‌లో మాది ఉమ్మడి కాపురం. కాక మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్. నెత్తి మాడిపోయే ఎండాకాలంలో కూడా మెడలో టైతో, మోటార్ సైకిల్ మీద భాల్కి, హుమ్నాబాద్, హళ్ళిఖేడ్ అంటూ డాక్టర్ల చుట్టూ తిరిగేవాడు. మా వీధిలో టై వేసే మనిషి ఆయనొక్కడే కనుక, ఏ పెళ్ళికి వెళ్ళినా పెళ్ళికొడుకు తర్వాత మర్యాద ఆయనకే. ఎవరైనా వచ్చి "అన్నా, మా పిలగానికి జర టై కట్టుండ్రి" అంటే మాత్రం, "ఎవ్వలది ఆల్లే కట్టుకోవాలె. వేరేటోళ్ళు కడితే నిలవదు" అని గంభీరంగా చెప్పి భోజనాల వైపు నడిచేవాడు. అదేదో టై శాస్త్రం కాబోలనుకుని మేమంతా తలలూపేవాళ్ళం. ఆయన టైలు మొత్తం ముప్పై ఒకటి. పడగ్గది తలుపు వెనక కొక్కేలకు ముళ్ళు వేసినవి వేసినట్టే వేలాడుతుండేవి. హళ్ళిఖేడ్ రైతు బిడ్డ అయిన మా చిన్నమ్మ వాటిని చూసినప్పుడల్లా, "మా నాయిన దొడ్ల దూడలకు గూడ ఇన్ని పలుపులు లేకుండె" అని విసుక్కునేది.

అయితే అప్పటికి నాలుగు నెలలుగా ఆ టైలకు పనిలేదు. కాక కంపెనీ బీదర్ జిల్లాలో మనిషి అక్కర్లేదని ఆయన్ని మానిపించింది. యాభై ఏళ్ళ వయసులో ఎవరు ఉద్యోగమిస్తారని కాక పైకి నవ్వుతూనే అనేవాడు గానీ, అన్నం సగంలోనే చెయ్యి కడిగేసేవాడు. ఎవరినో కలిసి చూస్తానని మూడు రోజులకు హైదరాబాద్ బయల్దేరాడు. నేను అనుమతి లేకుండా టైలు ముట్టుకున్నానని ఆ తర్వాత ఇల్లంతా నన్ను ఆడిపోసుకుంది, కానీ నేను అడిగాను. బస్టాండుకు వెళ్ళే ముందు వాకిట్లో బండి స్టార్టు చేస్తుంటే దగ్గరికి వెళ్ళి, "కాకా, పాత టైలు తీసుకోనా?" అని స్పష్టంగా అడిగాను. ఆయన తలూపాడు. (హెల్మెట్ పెట్టుకున్న మనిషి తలూపితే అది ఒప్పుకోవడం కాదని నాకెవరు చెప్పారు?)

ఆ మూడు రోజులూ నాకు పండగే. ముళ్ళు ఏళ్ళ తరబడి బిగుసుకుపోయి ఉన్నాయి. నాన్న దుకాణంలో గోనె సంచులు కుట్టే దబ్బనం తెచ్చి ఒక్కొక్కటే పొడిచి విప్పాను. టై వెనక కుట్టులో ఒక్క దారం దొరకబుచ్చుకుని లాగితే మొత్తం సర్రున విచ్చుకుంటుందని కనిపెట్టినప్పుడు నా ఆనందం చెప్పనలవి కాదు. వెడల్పు కొనలు మామిడాకుల్లాగే మొనదేలి ఉన్నాయని కోసి, గుచ్చి గుమ్మానికి తోరణం కట్టాను. ప్లాస్టిక్ పట్టీలు తెగిన ఇనుప కుర్చీకి తొమ్మిది టైలు నిలువూ అడ్డం అల్లాను. కిటికీ పరదాలకు పట్టీలు, ఒక గుండ్రటి దిండు, గోడకు ఫోను పెట్టుకునే సంచి. లోపలున్న ఉన్ని గుడ్డను మడతలు పెట్టి, పైన టై ముక్కలు వేసి చిన్నమ్మకు మసిగుడ్డలు కుట్టిచ్చాను. మొదట్లో "మీ కాక సంపుతడే నిన్ను" అన్న చిన్నమ్మ, మసిగుడ్డ చేతికి రాగానే, "సరెగని గా పచ్చది గూడ కొయ్యి, నాకు అది మొదట్నించి నచ్చది" అంది. ముప్పై టైలు అయిపోయాయి. నల్లంచు నీలం రంగుది ఒక్కటే మిగిలితే, రేపు చూద్దామని ఉతికి ఇస్త్రీ చేసి పక్కన పెట్టాను.

ఆ సాయంత్రమే కాక వచ్చాడు. నాలుగు నెలల తర్వాత ఆయన ముఖంలో వెలుగు చూశాను. ఒక కంపెనీ వాళ్ళ మేనేజరు రేపు బీదర్‌కే వస్తున్నాడట, కొత్త బస్టాండు దగ్గర హోటల్లో పదకొండింటికి ఇంటర్వ్యూ, జిల్లాకు ఒక్కటే ఉద్యోగం. ఇంత చెప్పి, కుర్చీలో కూర్చుని, చిన్నమ్మ చాయ్ గిన్నె పట్టుకున్న గుడ్డ వైపు చూశాడు. గుమ్మం వైపు చూశాడు. లేచి తాను కూర్చున్న కుర్చీని చూశాడు.

"గిది నేను కంపెనీల ఫస్టు ప్రైజు గెల్సినప్పటి టై గద?" అన్నాడు, కుర్చీ మధ్యలో వేలు పెట్టి.

"మస్తు గట్టిగున్నది కాకా. ఇంక పదేండ్లయినా తెగది," అన్నాను.

కాక అరవలేదు. అరిస్తే నాకు సుఖంగా ఉండేది. నేను పరుగెత్తి నీలం టై తెచ్చి చేతిలో పెట్టాను. "ఒకటి మంచిగనే ఉంది కాకా, రేపు దీన్ని కట్టుకో!" ఆయన దాన్ని పామును పట్టుకున్నట్టు పట్టుకుని, ఆ చివర చూసి ఈ చివర చూసి, "ముడి ఏది?" అన్నాడు.

"విప్పిన. ఉతకాలె గద."

కాక నా చెయ్యి పట్టుకుని మిద్దె మీదికి తీసుకుపోయాడు. మెట్ల తలుపు దగ్గరికి వేసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "బిడ్డా, నాకు టై కట్టుడు రాదు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముప్పై ఏళ్ళు! ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో కట్టిచ్చారట. తర్వాత కొన్న ప్రతి టై జేబులో పెట్టుకుని ఊళ్ళో చౌబారా బురుజు దగ్గర పెళ్ళి బ్యాండు మాస్టరుకు ఇస్తే, ఆయన తన మెడలో కట్టి, తీసి ఇచ్చేవాడట. దాన్ని తలకాయ మీదుగా వేసుకోవడం, తీయడం, ముడి మాత్రం ఎన్నడూ విప్పకపోవడం. "మీ చిన్నమ్మకు తెల్వద్దు. పెండ్లిచూపులప్పుడు మా మామ నా టై చూసే పిల్లనిచ్చిండు," అన్నాడు. అలా అంటున్నప్పుడు ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నా సరదా కోసం ఆ మనిషి పరువు దబ్బనంతో పొడిచి విప్పాను.

మర్నాడు ఎనిమిదింటికే మిద్దె మీద చేరాం. ఫోన్లో టై కట్టే వీడియో పెట్టాను. అందులో వాడి కుడి మాకు ఎడమ, మధ్యలో సబ్బు ప్రకటన. నేను కట్టిన ముడి కంది బస్తా మూతికి వేసినట్టుంది. తొమ్మిదిన్నరకు కాక ఓడిపోయి, "పా, బ్యాండు మాస్టర్ కాడికి పోదాం," అన్నాడు. దుకాణంలో మాస్టరు లేడు. పక్కవాడు, "బారాత్ ఎల్లింది, గీ సందులకెళ్ళే," అని చెయ్యి చూపించాడు. బండి మీద తరుముకుంటూ వెళ్తే, గుర్రమ్మీద పెళ్ళికొడుకు, ముందు డప్పులు, అందరికన్నా ముందు బుగ్గలు పూరీల్లా పొంగించి బాకా ఊదుతున్న మాస్టరు దొరికాడు.

కాక టై చూపించగానే మాస్టరు బాకా దించి, "అరే సాబ్! బహుత్ దినాలాయె!" అన్నాడు. కాక ఆయన చెవిలో ఏదో చెప్పాడు. "తోబా! గప్పటివన్ని ఇప్పిందా ఈ పోరి?" అని మాస్టరు నన్ను ఎగాదిగా చూసి, బాకా కాక చేతిలో పెట్టి, టై తన మెడలో వేసుకున్నాడు. నేను కళ్ళార్పకుండా చూశాను. "పెద్దది చిన్నదాని మీదికెళ్ళి తే. కిందికెళ్ళి తే. మల్ల మీదికెళ్ళి. గొంతుల నుంచి తీసి సందుల దోపు. గంతే!" అన్నాడు. ఇంతలో పెళ్ళివారి పెద్దాయన ఒకాయన ఇస్త్రీ చొక్కాతో బాకా పట్టుకుని నిలబడ్డ మా కాకను చూసి, "ఏమయ్యా, నిలబడ్డవేంది? ఊదు!" అని గద్దించాడు. కాక భయపడి ఊదాడు. ఆ చప్పుడుకు గుర్రం రెండడుగులు వెనక్కి వేసింది. మేం టై తీసుకుని పరుగో పరుగు.

హోటల్ దగ్గరికి సరిగ్గా పదకొండింటికి చేరాం. లోపల అరడజను మంది కుర్రాళ్ళు, ఒక్కరికీ టై లేదు. కాక లోపలికి వెళ్ళాడు. బయట సోఫాలో కూర్చుని నేను మొక్కని దేవుడు లేడు. అరగంటకు తలుపు తెరుచుకుంది. కాక తల బయటికి పెట్టి, "బిడ్డా, జర లోపలికి రా," అన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. ఇక అయిపోయిందనుకున్నాను.

మేనేజరు నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దవాడేమో, గుండ్రటి మెడ చొక్కా వేసుకున్నాడు. పక్కన కుర్చీకి ఇస్త్రీ చొక్కా వేలాడుతోంది, చేతిలో మడతపెట్టిన టై ఉంది. నవ్వాపుకుంటూ నాతో అన్నాడు. "మధ్యాహ్నం మా పెద్ద సార్లతో వీడియో మీటింగుంది మేడమ్, టై లేకుంటే ఊరుకోరు. నాకు కట్టడం రాదు. అంకుల్ ముడి చూసి, కొంచెం కట్టిపెట్టండి సార్ అని అడిగాను. ఆయన ఏమన్నారో తెలుసా?"

కాక గొంతు సవరించుకున్నాడు. "ఉన్నమాటే చెప్పిన సార్. నాకు రాదు, ముప్పై ఏండ్ల సంది ఒగలు కట్టిచ్చిందే మెడల ఏసుకుంటున్న. మా బిడ్డకు వస్తది అన్న."

చిన్నమ్మకు కూడా చెప్పని మాట. ఉద్యోగం ఇవ్వాల్సిన మనిషి ముందే చెప్పేశాడు. తలనొప్పనో, కళ్ళజోడు మర్చిపోయాననో ఏదో ఒకటి అనొచ్చు కదా! నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ టై తీసుకుని నా మెడలో, చున్నీ మీదే వేసుకున్నాను. మొదటిసారి చిన్న కొస మోకాళ్ళ దాకా వేలాడింది. రెండోసారి పెదాలు కదుపుతూ, మీదికెళ్ళి, కిందికెళ్ళి, మళ్ళీ మీదికెళ్ళి అనుకుంటూ దోపి లాగితే, చక్కటి ముడి కూర్చుంది. మేనేజరు చప్పట్లు కొట్టాడు.

సాయంత్రం కాకే చిన్నమ్మను కూర్చోబెట్టి మొత్తం చెప్పాడు. చిన్నమ్మ నవ్వీ నవ్వీ పక్కకు ఒరిగిపోయి, "ముడి ఇప్పకుండ ఇస్త్రీ చెయ్యమంటే కంపెనీ రూలేమో అనుకున్న గదనే! ఇన్నేండ్లు దాని సుట్టూ ఇస్త్రీ తిప్పి తిప్పి నా రెక్కలు పడిపాయె!" అంది. మూడో రోజు ఫోనొచ్చింది, ఉద్యోగం కాకకే. ఆ చుట్టుపక్కల ప్రతి డాక్టరు పేరూ, వాళ్ళు ఏ పూట దొరుకుతారో ఆయనకు కంఠతా వచ్చు కాబట్టి ఇచ్చారని అందరూ అన్నారు. (టై కట్టింది నేను కాబట్టి ఇచ్చారని నేను చాలా ఏళ్ళు చెప్పుకు తిరిగాను.)

కొత్త కంపెనీలో రిప్రజెంటేటివ్‌లకు టై అక్కర్లేదట. చేరిన రోజు పొద్దున కాక ఆ నీలం టై ముడి వేసింది వేసినట్టే తీసుకొచ్చి నా చేతిలో పెట్టి, "ఇగ దీన్ని గూడ కోసుకో బిడ్డా, ఈసారి హెల్మెట్ లేకుండ చెప్తున్న," అన్నాడు. కత్తెర తీశాను. అడిగీ అడగకుండా ముప్పై కోసిన దాన్ని, ఆయనంతట ఆయన ఇచ్చిన ఆ ఒక్కటి కోయలేకపోయాను.

పెళ్ళయి వచ్చాక కూడా అది నా బీరువాలోనే ఉంది. బీరువా సర్దినప్పుడల్లా మా ఆయన, "ముడి పడి నలిగిపోయింది, విప్పి ఇస్త్రీ చేయొచ్చు కదా," అంటాడు. చేయొచ్చు. కానీ మీదికెళ్ళా, కిందికెళ్ళా, ముందు ఏది అన్నది నేను ఎప్పుడో మర్చిపోయాను, ఆ సంగతి ఆయనకింకా చెప్పలేదు.