నాది కాని తెల్ల కారు

పరాయి దేశంలో, పరాయి మనిషి సొంత కారులో, ఆయన బిస్కెట్లే తింటూ, ఆయన్నే తొందరగా పోనివ్వమని కసిరిన మొనగాణ్ణి నేను. నవ్వండి, మా ఆవిడ నవ్వగా మిగిలింది మీకే.

నేను బిలాస్‌పూర్‌లో రైలింజను నడుపుతాను. మా ఆవిడ సత్యవతి ముచ్చటపడిందని కౌలాలంపూర్ వెళ్లాం. తిరుగు ప్రయాణం రోజు హోటల్ గేటు దగ్గర నిలబడి ఫోన్లో టాక్సీ పిలిచాను. తెల్ల కారని చూపించింది. తెల్ల కారే వచ్చింది. ఇంకేం కావాలి?

"నంబరు చూసారేటి? మన పేరు అతగాడి చేతే సెప్పించండి, మీరు సెప్పకండి," అంది సత్యవతి.

పొగమంచులో సిగ్నల్ పట్టే కళ్లివి, నాకా చెప్తావు అన్నాను. కిటికీలోంచి తల దూర్చి, "కృష్ణారావు?" అని నేనే అడిగాను. లోపలి ముసలాయన ముఖం వెలిగిపోయింది, తెగ తలూపాడు. బిలాస్‌పూర్‌లో మా పేట తోర్వా వెళ్లే షేర్ ఆటోకైతే ఈపాటి విచారణ కూడా ఉండదు, ఆగితే ఎక్కడమే.

ఎక్కగానే మంచినీళ్లిచ్చాడు, బిస్కెట్లిచ్చాడు, ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు.

"టాక్సీ అతను బిస్కెట్లెందుకిత్తాడండీ?"

ఫారిన్ సర్వీసంటే అంతే, తిను అన్నాను. ఇంతలో కారు ఏదో సందులోకి తిరిగింది. విమానానికి టైమవుతోందని కసిరాను. ముందు భోజనం, తర్వాతే ఏదైనా అన్నాడాయన వచ్చీరాని ఇంగ్లీషులో. సత్యవతి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు నాకూ భయమేసింది, నిజం చెప్తున్నాను. విమానం మాట అటుంచి, అసలు ఇల్లు చేరతామా అనిపించింది.

ఫోన్ మోగింది. టాక్సీ డ్రైవరు.

"సార్, ఎక్కడున్నారు?"

"నీ బండిలోనే ఉన్నాను."

"నా బండిలో ఎవరూ లేరు సార్."

నా సర్వీసులో అంత స్పష్టమైన ఎర్ర సిగ్నల్ చూడలేదు.

తీరా చూస్తే, ఈ ముసలాయన వచ్చింది తన కోడలి మేనమామ దంపతుల కోసం. వాళ్లని ముందెప్పుడూ చూళ్లేదు, పేరు కూడా సరిగ్గా గుర్తులేదు, కాబట్టి ఏ పేరు చెప్పినా తలూపేవాడే. వెనక్కి తిప్పాడు. చుట్టాలు గేటు దగ్గర మండిపడుతున్నారు, మా టాక్సీ వెళ్లిపోయింది. ధర్మాత్ముడు వాళ్లనీ ఎక్కించుకుని మమ్మల్ని ఎయిర్‌పోర్టులో దింపాడు. ఒళ్లో పెట్టె, పక్కన చుట్టాల కోపం, అచ్చం తోర్వా ఆటోయే. విమానం ఎక్కినవాళ్లలో ఆఖరివాళ్లం మేమే.

బిలాస్‌పూర్ స్టేషన్ బయట సత్యవతి ఆటో ముందు నిలబడి నంబరు పైకి చదివింది. ఎవరి కోసం వచ్చావో పేరు చెప్పమని హిందీలో నిలదీసింది.

"ఎవరు కూర్చుంటే వాళ్ల కోసమే, చాచీ," అన్నాడతను. ఆవిడ నవ్వుతూ ఎక్కేసింది.

నేను మాత్రం నా ఇంజిన్ సాక్షిగా ప్రమాణం చేశాను. నేను నోరు విప్పకముందే నా పేరు చెప్పిన బండి తప్ప మరో బండి ఎక్కను. అందుకే ఇప్పుడు డ్యూటీ దిగి తోర్వా దాకా నడిచే వెళ్తున్నాను. బజారు నుంచి సత్యవతి షేర్ ఆటోలో నన్ను దాటిపోతూ, చెయ్యి ఊపుతూ ఉంటుంది.