‘ఆలుమగల ఆచూకీ’ ఎనిమిదో భాగం

నంద్యాలలో రాజేశ్వరి అంటే ఇనుప సామాన్ల అంగడామె. పోయినేడు రెండు నెలలు మాత్రం టీవీ ఆమె. నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కల వచ్చే కేబుల్ చానల్లో వారానికోసారి వేసిన ‘ఆలుమగల ఆచూకీ’లో ఆమే నాయిక, ఆమె భర్త గోపాలకృష్ణే నాయకుడు. మొగుడూ పెళ్లాం పోట్లాడుకుంటూనే దొంగల్నీ హంతకుల్నీ పట్టేస్తుంటారు. కెమెరా నాది. పెళ్లి వీడియోలు తీసుకునే నాకు అంతకన్నా పెద్ద పని మళ్లీ రాలేదు. రాకపోవడమే మంచిది.

తెర మీద గోపాలకృష్ణ పిరికివాడు. అంగట్లోనూ అంతే. రాజేశ్వరికి నోరూ ఎక్కువే, జ్ఞాపకమూ ఎక్కువే. పాత ఇనుము తీసుకుని కొత్త పనిముట్టు ఇవ్వడం ఆ అంగడి వాడుక. ఏ గొడ్డలి ఏ ఊరివాడు తెచ్చాడో ఆమెకు మొహంతో సహా గుర్తుంటుంది. ఎనిమిదో భాగంలో హత్యకు కొడవలి కావాల్సి వచ్చింది. కొత్తది బొమ్మ కత్తిలా మెరుస్తోందని, పాత ఇనుము కుప్పలోంచి పిడికి రాగితీగ చుట్టిన వేటకొడవలి లాగి ఇచ్చింది. గోపాలకృష్ణ దాన్ని తిరగేసి పట్టుకుని కాలి మీద పడేసుకుంటే జనం పడీపడీ నవ్వారు.

ఒక్క మనిషి మాత్రం నవ్వలేదు. చాగలమర్రి దగ్గరి పల్లె నుంచి లింగమ్మ అనే ఆమె, ఆ భాగం టీవీలో వచ్చిన మూడోరోజు అంగడికొచ్చింది. ఆర్నెల్ల కిందట ఆమె భర్తను చేలోనే నరికేశారు. తల ఒక మడిలో, చెయ్యి ఇంకో మడిలో దొరికాయి. కొడవలి దొరకలేదు. చంపిందెవరో తేలలేదు.

“ఆ తీగ నా మొగుడు కాలిపోయిన మోటర్లోంచి తీసి చుట్టినాడమ్మా. మా కొడవలే అది. మీకు యాడ్నుంచి వచ్చె?” అని అడిగింది లింగమ్మ.

గోపాలకృష్ణ పెళ్లాం చెయ్యి పట్టి లోపలికి లాగాడు. “మనది అంగడి బతుకు. మనకేల ఈ కొరివి?”

“ఆయమ్మ మొగం చూడు. తెలిసీ నోరు మూసుకుండమంటావా?” అంది రాజేశ్వరి. బయటికొచ్చి పేరు చెప్పేసింది. “మీ ఊరి సుబ్బయ్య తెచ్చిచ్చి కొత్తది పట్టుకపోయినాడక్కా.”

సుబ్బయ్య లింగమ్మ మరిది. అన్న పోయినప్పటి నుంచి రోజూ ఆమె చేతి సంగటే తింటున్నాడు. కాలవలో పారేస్తే పోయేదానికి, ఇనుము పారేయడానికి మనసొప్పక అంగడికి తెచ్చాడు మహానుభావుడు. అన్న తల నరకడానికి మాత్రం మనసొప్పింది.

ఆడవాళ్లిద్దరూ పోలీస్ స్టేషన్‌కు వెళ్లి కొడవలి అప్పజెప్పారు. పోలీసులు వెతుకుతుండగానే, మర్నాడు మధ్యాహ్నం సుబ్బయ్య ఆ కొత్త కొడవలితోనే అంగట్లోకి దూరాడు. అప్పుడు తొమ్మిదో భాగం తీస్తున్నాం. రాజేశ్వరి మెడ మీదికి ఎత్తిన వేటుకు గోపాలకృష్ణ అడ్డం పడ్డాడు. మొదటి దెబ్బకు భుజం విడిపోయింది. రెండోది మెడ మీద పడింది. రాజేశ్వరి తూకపు రాయితో సుబ్బయ్య మొహాన కొట్టింది. పళ్లు రాలినా ఆపలేదు, వాడు పడేదాకా కొట్టింది. వీధిలోవాళ్లు వచ్చి వాణ్ణి కట్టేసేసరికి గోపాలకృష్ణ ఆమె ఒళ్లో నెత్తురు కక్కి చచ్చిపోయాడు. నేను కెమెరా వదిలేసి బల్ల కింద దాక్కున్నాను. ఆ సిగ్గు నాకు చచ్చేదాకా పోదు. సీరియల్ అక్కడితో ఆగిపోయింది.

మొన్న ఆళ్లగడ్డ కోర్టులో లింగమ్మ భర్త కేసు వాయిదాకొచ్చింది. అప్పటికే పెద్దమనుషులు రాజీ చేసి, సుబ్బయ్య భాగం పొలాన్ని లింగమ్మ పిల్లల పేర రాయించేశారు. లింగమ్మ బోనెక్కి ఆ కొడవలిని ఎప్పుడూ చూడలేదంది. రాజేశ్వరి ఒక్కతే ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఇక ఆ కేసు నిలవదన్నారు వకీళ్లు. నాకు లింగమ్మ మొహం చూడబుద్ధి కాలేదు.

కోర్టు బయట లింగమ్మ రాజేశ్వరి కాళ్లు పట్టుకుంది. “ఇద్దరూ ఆడపిల్లోళ్లు తల్లీ. నేనేం జేతును?”

రాజేశ్వరి ఆమెను రెక్క పట్టి లేపింది.

“పో, పిల్లోళ్లను సాక్కోపో అక్కా. నీ మొగునికి నువ్వు లేకపోతివి. నా మొగుని కేసు వచ్చే నెల్లో ఉంది. ఆయప్పకు నేనుండా.”