పికప్‌లో కాపురం

మా కాపురం ఇన్నేళ్ళుగా దజీజ్‌లో ఒక పెద్ద షాపు పార్కింగ్‌లో, మా ఆయన కంపెనీ పికప్‌లో జరుగుతోంది. నవ్వకండి. ఇద్దరం కువైట్‌లోనే ఉంటాం. నేను ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తాను, వంటింటి పక్కగదిలో పడుకుంటాను. ఆయన సబ్హాన్‌లో ఒక గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు, మరికొందరు మగవాళ్ళతో ఒకే గదిలో సర్దుకుంటాడు. ఆ గదికి ఆడమనిషి పోకూడదు, నేనుండే ఇంటికి మగమనిషి రాకూడదు. శుక్రవారం భోజనాలయ్యాక మామా, అంటే నేను వండే ఇంటి యజమానురాలు, సాయంత్రందాకా నన్ను వదిలిపెడుతుంది. ఆయన బండి తెస్తాడు. ఏసీ వేసుకుని, బిర్యానీ పొట్లం ఒకటి విప్పుకుని, ముందు సీట్లలో కూచుంటాం. పెళ్ళయిన ఆరు నెలలకే ఆయన ఇక్కడికొచ్చేశాడు, ఆ మరుసటేడు నేనొచ్చాను. ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికిన పాపాన పోలేదు. పిల్లలెందుకు లేరని ఊరినుంచి ఎవరైనా అడిగితే ఫోన్ పెట్టేస్తాను. ఇంకేం చెప్పమంటారు?

ఇద్దరికీ కలిపి ఒక ఉద్యోగం ఉందని ఫర్వానియాలో ఒక ఏజెంటు చెప్పాడు. యూరప్‌లో ఎక్కడో చలిదేశం. ముసలివాళ్ళను చూసుకునే హోమ్. వాళ్ళకు మొగుడూ పెళ్ళాల జంటే కావాలట. ఆమె వంటకు, అతను డ్రైవింగుకూ తోటపనికీ. జీతమెంతో నేను అడగనేలేదు. ఆవరణలోనే చిన్న ఇల్లు ఇస్తారన్నాడు, ఒక పడకగది, ఒక వంటిల్లు. ఆ మాటతోనే నా మనసు పోయి ఆ ఇంట్లో కూచుంది. నా పొయ్యి దగ్గర నేను నిలబడి నా మొగుడికి వండిపెట్టుకోవడం! ఆ వారమంతా మామా వాళ్ళకు వండుతూ ఇదొక్కటే అనుకున్నాను.

"ఇంటర్వ్యూలో రిలొకేషన్ ప్లాన్ అడుగుతారమ్మా," అన్నాడు ఏజెంటు. విజయవాడ వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. "ఎప్పుడొస్తారు, వచ్చాక ఎలా ఉంటారు, అన్నీ అడుగుతారు. తడుముకోకండి. ఇక్కడ కలిసే ఉంటున్నామని చెప్పండి. విడివిడిగా ఉంటున్నామంటే జంట కింద తీసుకోరు."

పికప్‌లో మా ఆయన నాకు పాఠం చెప్పాడు. "ఎప్పుడొస్తారంటే ఎమ్మటే వస్తామను."

"ఎట్ల వస్తాం? మామాకు చెప్పల్యా? ఈడ ఉండేదానికిచ్చిన ఇఖామా క్యాన్సిల్ చేపిచ్చల్యా? నోటికొచ్చింది చెప్పేదేనా?"

"ముందు పని రానీ మే. యల్లా, పోదాం పా అనకపోతే ఇంకోడు ఎగరేసకపోతాడు."

అదీ అబద్ధం కాదు. ఈ దేశంలో పని అడిగేవాడు రేపటినుంచే వస్తాననాలి. ఆలోచించుకుంటానన్నవాడి మొహం మళ్ళీ ఎవరూ చూడరు. అందుకే నోరు మూసుకున్నాను. కానీ కలిసి ఉంటున్నామని చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు. "అది నువ్వే చెప్పు సామీ," అన్నాను.

ఇంటర్వ్యూ ఒక శుక్రవారం కుదిరింది. ఫోన్ని స్టీరింగ్ ముందర టిష్యూ డబ్బాకు ఆనించాం. తెల్లజుట్టు ఆవిడ, ఉన్ని స్వెట్టర్ వేసుకుని, మా కోసం ఇంగ్లీషు మెల్లగా మాట్లాడింది. ఉప్పు తగ్గించి వండగలవా, పళ్ళు లేనివాళ్ళకు ఏం పెడతావు అని అడిగింది. మామా వాళ్ళ ముసలి అత్తగారికి నేను పెట్టేవన్నీ చెప్పాను. ఆవిడ మొహం విప్పారింది. నాకు ధైర్యం వచ్చింది.

"మీ ప్లాన్ చెప్పండి. ఎప్పుడు రాగలరు?"

"ఇమ్మీడియట్ మేడమ్! టుమారో ఆల్సో రెడీ!" అన్నాడు మా ఆయన, ఎదురుగా ఉంటే సెల్యూట్ కొట్టేలా.

ఆవిడ ముఖం చిట్లించింది. "రేపే ఎలా వస్తారు? ఇప్పుడు వంట చేస్తున్న ఇంటివాళ్ళ మాటేమిటి? రేపు మమ్మల్నీ అలాగే వదిలేసి పోతారా?"

నా ఒళ్ళు మండింది. మోచేత్తో ఆయన్ని ఒక్క పోటు పొడిచి నేనందుకున్నాను. ఇంటివాళ్ళకు ముందే చెప్తాం, వేరే వంటమనిషి దొరికేదాకా ఆగి వస్తాం అన్నాను. ఆవిడ తలాడించింది. బతికాంరా దేవుడా అనుకున్నాను.

"ఇప్పుడు ఇద్దరూ కలిసే ఉంటున్నారా?"

"ఎస్ మేడమ్. సేమ్ రూమ్," అన్నాడు ఆయన.

ఆవిడకు అనుమానమేమీ లేదు. మంచి మనిషి, మాకివ్వబోయే ఇంటిమీద ఇష్టంతో అడిగింది. "పొద్దున ముందు ఎవరు లేస్తారు?"

"నేను," అన్నాం ఇద్దరం ఒకేసారి. ఆవిడ నవ్వింది.

"మీ ఆయనకు చలి ఎక్కువా? పడకగదిలో ఇంకో హీటర్ పెట్టించమంటారా?"

నేను అక్కర్లేదన్నాను. ఆయన కావాలన్నాడు. ఈసారి ఆవిడ నవ్వలేదు.

"పనికి పోయేముందు ఏం తింటారు ఆయన?"

"దోసె," అన్నాను, పెళ్ళయిన కొత్తలో అత్తగారింట్లో చూసింది తలచుకుని. ఆయన గదిలో దోసెలు పోసేదెవరు? ఖుబూస్ రొట్టె ముక్క టీలో ముంచుకుని పోతాడని నాకు తెలియకపోలేదు. అయినా నోట్లోంచి దోసే వచ్చింది. ఆయన నావైపు తిరిగి చూసిన చూపు ఫోన్లో ఆవిడకు స్పష్టంగా కనబడింది.

ఇక నావల్ల కాలేదు. "మేడమ్, అబద్ధం చెప్పాం. మేం కలిసి ఉండటం లేదు. కలిసి ఉండనివ్వరు ఇక్కడ. కలిసి ఉండాలనే మీ దగ్గరికి వస్తామంటున్నాం. ఆయనే నా మొగుడు, ఒట్టు," అన్నాను. ఒట్టు అనే మాటకు ఇంగ్లీషు తట్టక నెత్తిమీద చెయ్యి పెట్టుకుని చూపించాను.

"ఇప్పుడేగా ఒకే గది అన్నారు," అంది ఆవిడ. కనుక్కుని చెప్తామని ఫోన్ పెట్టేసింది.

మరుసటి శుక్రవారం అదే పికప్‌లో ఉండగా ఏజెంటు దగ్గరినుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "మీరు నిజం మొగుడూ పెళ్ళాల్లా లేరన్నారమ్మా. వీసా కోసం జతకట్టారేమోనని వాళ్ళ అనుమానం. పెళ్ళి ఫోటోలూ, సర్టిఫికెట్టూ అన్నీ పంపించాను. కాగితాలు ఎవరైనా తెస్తారన్నారు. ఖలాస్, ఇక వదిలేయండి."

మా ఆయన స్టీరింగ్ మీద గుద్దాడు. "తాళి కట్టినోన్ని నేనీడ కుచ్చోనుంటే, నువ్వు నా పెండ్లానివి కాదంటాదా ఆ యమ్మ!" అని తిట్లు లంకించుకున్నాడు. తిట్లలో ఎప్పుడూ ఆయనకంటే నేనే ముందు. ఆవేళ ఒక్కటీ నోటికి రాలేదు. ఆ చిన్న ఇంటి తలుపు నా మొహాన వేసేసినట్టు ఉంది.

"ఆ యమ్మను తిట్టాకు," అన్నాను. "ఉన్నదున్నట్టు చూసింది. మనం మొగుడూ పెండ్లామని మనూర్లో అందరికీ తెల్సు. మనకే తెల్దు."

ఆయన బండి తీశాడు. ఆ మాట కాదంటాడేమోనని మామా వాళ్ళ వీధి మలుపు వచ్చేదాకా చూశాను. కాదనలేదు.