అవ్వ చేతి కింద మేక

నేను చెప్పబోయే దాంట్లో ప్రతి మాటా నిజం. కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని, తూర్పు దిక్కుకు తిరిగి ప్రమాణం చేస్తున్నాను. ఒక్క మాట అబద్ధమైనా నేను దిద్దిన ఫొటోలన్నీ ఒక్కసారిగా వెలిసిపోవాలి, నల్గొండ ఇళ్ల గోడల మీద ఉత్త ఫ్రేములే వేలాడాలి. ఇంతకంటే పెద్ద ఒట్టు మా పనిలో లేదు.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. నల్గొండ బస్టాండు దగ్గర ఒక ఫొటో స్టూడియోలో పనిచేసేవాణ్ని. స్టూడియో యజమానిని చాచా అని పిలిచేవాణ్ని. అక్కడ మగవాళ్లందరికీ కలిపి ఒకే నల్లకోటు ఉండేది. సన్నటి మనిషి తొడుక్కుంటే వెనక బట్టల క్లిప్పులు పెట్టి బిగించేవాళ్లం. లావుపాటి మనిషి వస్తే వీపు కుట్లు విప్పి, ముందునుంచి దుప్పటిలా కప్పేవాళ్లం. నందికొండ దాకా పెళ్లికొడుకులందరూ ఆ కోటుతోనే గోడలెక్కారు. నా పని ఆ ఫొటోలను దిద్దడం. నెగటివ్ మీద సన్నటి కుంచెతో మొటిమలు మాపేవాణ్ని. పెళ్లికి రాలేకపోయిన బావమరిది తలను బ్లేడుతో కోసి, పెళ్లి ఫొటోలో అతికించి, దాన్ని మళ్లీ ఫొటో తీసేవాణ్ని. అతుకు దగ్గర ఎంత రంగు పూసినా బావమరిది మెడ మీద ఒక గీత మిగిలిపోయేది.

అటువంటి చోటికి కంప్యూటరు వచ్చింది. చాచా దాన్ని హైదరాబాదు నుంచి జీపులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. దానికోసం ఒక మూలకు పరదా కట్టించి, ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాన్‌ను దానివైపు తిప్పాడు. గిరాకీలు చెమటలు కక్కుతున్నా ఆయనకు ఫికర్ లేదు.

ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికంటే నచ్చినవి లేయర్లు. ఫ్రేములు కట్టే దుకాణంలో అద్దాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి కదా, అట్లా అనుకోండి. ఒక అద్దం మీద తల్లి, ఇంకో అద్దం మీద కొడుకు, అన్నిటికీ అడుగున వెనక పరదా. పైనుంచి చూస్తే అందరూ ఒకేచోట కూర్చున్నట్టే కనిపిస్తారు. కానీ ఎవరి అద్దం వారిదే కనుక ఎవరినైనా జరపొచ్చు, ముందుకు తేవొచ్చు, వెనక్కి నెట్టొచ్చు. ప్రతి లేయరు పక్కనా చిన్న కన్ను బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ మనిషి మాయం. మళ్లీ నొక్కితే ప్రత్యక్షం.

నాలాంటివాడి చేతికి ఇటువంటిది ఇవ్వకూడదు. మొదటి వారంలోనే చాచాను నందికొండ డ్యాం మీద నిలబెట్టి, చేతులకు డ్యాం గేటంత చేపనిచ్చాను. నన్ను తిట్టినంతసేపు తిట్టి, ఆ ఫొటోను జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు. ఆ చేపను తానే పట్టానని ఇంట్లో చెప్పుకున్నాడని నా అనుమానం.

ఒక అంగడి రోజు ఒక అవ్వ వచ్చింది. ఆమెకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోది కూడా మెల్లగా పోతోందని, ఆపరేషన్ చేసినా ఆగదని దవాఖానలో చెప్పేశారట. ఆ చూపు ఉండగానే ఇద్దరు కొడుకులనూ తన చెరోపక్కన ఒక్క ఫొటోలో చూసుకోవాలి. ఆమెకు కావలసింది అంతే. అదే కష్టమైపోయింది. చిన్నకొడుకు చెలకలో బోరు వేస్తే నీళ్లు పడ్డాయి. అదే ఎండాకాలం పక్క చెలకలో పెద్దకొడుకు బోరు ఎండిపోయింది. తన నీళ్లు గుంజుకున్నాడని పెద్దాయన, నేల కింది నీళ్ల మీద పేరు రాసి ఉంటుందా అని చిన్నాయన. అప్పటినుంచి ఒకరు ఉన్న చోటికి ఇంకొకరు రారు. అవ్వ పెద్దాయన ఇంట్లో ఉండేది.

“ఒక్క దినం పిలిస్తె ఇద్దరు రారు బిడ్డా,” అంది. “నువ్వు ఇడిఇడిగ తీసి కలుపుతవంట గద. ఫొటోలనన్న కలుపు.”

అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, అటొక స్టూలు, ఇటొక స్టూలు వేశాను. కొడుకుల భుజాలు ఎంత ఎత్తున వస్తాయో అడిగి, అక్కడ చేతులు పెడతానంది. గాలిలో చేతులు నిలవక వణికాయి. స్టూళ్ల మీద ఫొటో కాగితాల డబ్బాలు పేర్చి, వాటి మీద ఆనించమన్నాను. కంప్యూటరులోకి ఎక్కించాక ఆ డబ్బాలను చెరిపేశాను.

తర్వాత పెద్దాయన వచ్చాడు. నన్ను ‘తమ్మీ’ అని నోరారా పిలిచేవాడు, సొంత తమ్ముణ్ని మాత్రం ‘వాడు’ అనేవాడు. ఫొటోలో వాడు తనకంటే ముందుకు రావద్దని షరతు పెట్టాడు. ఇంకో రోజు చిన్నాయన మేకతో సహా వచ్చాడు. ఇంటి దగ్గర కట్టేస్తే తాడు తెంపుకుని అన్న చెలకలో పడుతుందని, ఇంకో పంచాయితీ ఎందుకని, బస్సులో టికెట్టు లేకుండా తెచ్చాడు. అన్న నీడ తన మీద పడొద్దని ఆయన షరతు. ఆయన కోటు విప్పి లేచాడో లేదో మేక స్టూలెక్కి, మెడ నిక్కించి, కెమెరాకేసి చూసింది. అంత బాగా కూర్చున్న గిరాకీని వదలబుద్ధి కాలేదు, నొక్కేశాను. తర్వాత దాన్ని ఒక లేయరు చేసి, చిన్నాయన లేయరు వెనక దాచిపెట్టాను.

ఆ తర్వాత ఆ ఫొటో నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. నమూనా చూసి, తనను ఇంకాస్త ముందుకు జరపమని పెద్దాయన నుంచి కబురొచ్చేది. జరిపితే, ఇప్పుడు అన్నే పెద్దగా కనిపిస్తున్నాడని చిన్నాయన నుంచి ఇంకో కబురు. లేయర్లు పెరిగేకొద్దీ కంప్యూటరు ఎండాకాలపు ఎద్దులా నడిచేది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, ఎప్పటికప్పుడు సేవ్ చేసుకోవాలి. కాళ్లు ఊపుకుంటూ, లేచి బస్టాండు దాకా పోయి వచ్చి, మళ్లీ కూర్చునేవాణ్ని.

అంగడి అంగడికీ అవ్వ వచ్చేది. మొదట్లో కుర్చీలో కూర్చునే తెర చూసింది. తర్వాత వంగి చూసింది. ఆఖరుకు ముక్కు తెరకు తగిలేంత దగ్గరగా ముఖం పెట్టి, “ఈడ ఉన్నది పెద్దోడేనా?” అని అడిగింది. అది చిన్నోడు. ఆ రోజు చాచా నామీద మొదటిసారి నిజంగా కోపం చేశాడు.

“ఆమె కన్ను నీ కరెంటు కోసం ఆగుతదా? జర జల్దీ ముగించు.”

ముగించాలంటే పెద్దాయన ఒప్పుకోవాలి. ఫొటో చేరవలసింది ఆయన ఇంటికే. ఆయన వచ్చాడు కానీ కూర్చోలేదు. గడప దాకా పోతాడు, బస్సులు చూస్తాడు, వస్తాడు, తెర చూస్తాడు, మళ్లీ పోతాడు. చివరికి మనసులో మాట చెప్పాడు.

“వాడు లేకుంట చెయ్యి తమ్మీ. వాడుంటె ఆ ఫొటో నా గడప తొక్కదు.”

సరేనని చిన్నాయన లేయరు కన్ను నొక్కాను. చిన్నాయన మాయమయ్యాడు. వెనక దాగిన మేక బయటపడింది. అవ్వ చెయ్యి సరిగ్గా దాని నెత్తిన, దీవిస్తున్నట్టు. పెద్దాయన పగలబడి నవ్వాడు. మళ్లీ నొక్కమన్నాడు. తమ్ముడు. మళ్లీ. మేక. తమ్ముడు. మేక. నవ్వు ఎక్కడ ఆగిపోయిందో నేను గమనించలేదు.

“మా అవ్వ చెయ్యి మేక మీదుంటె మంది నవ్వుతరు,” అన్నాడు. “వాన్నే పెట్టు.”

పెట్టాను. మళ్లీ ఎవరూ తీయకుండా ఉపాయం ఉందా అని అడిగాడు. లేయర్లన్నీ ఒక్కటిగా కలిపి సేవ్ చేస్తే, ఇక ఎవరి అద్దమూ వేరుగా ఉండదని, నావల్ల కూడా కాదని చెప్పాను. మేక లేయరు తీసేశాను. ఆయన నా వెనక నిలబడి, కుర్చీ వీపు పట్టుకున్నాడు.

“కలుపు.”

నొక్కాను. తెర మీద గడియారం బొమ్మ ఆగిపోయింది. కరెంటు పోతుందేమోనని ఇద్దరం పైన బల్బుకేసి చూస్తూ నిలబడ్డాం. ఆయన కాలు నేల మీద టకటకలాడుతోంది, నాదీ అంతే. కరెంటు పోలేదు. లేయర్ల చోట ఒక్కటే మిగిలింది.

పెద్ద ప్రింటు హైదరాబాదు ల్యాబు నుంచి వచ్చాక, అవ్వను పెద్దాయనే తోలుకొచ్చాడు. ఆమె ఫొటోను గుమ్మం వెలుగులో పెట్టుకుని, ఉన్న ఒక్క కన్నును కాగితానికి ఆనించినంత దగ్గరగా తెచ్చి, ఈ కొడుకు దగ్గర మొదలుపెట్టి, తన మీదుగా, ఆ కొడుకు దాకా పోయింది. మళ్లీ వెనక్కి వచ్చింది.

“అతుకు కనవడ్తలేదు,” అంది. “నా కంటికి కనవడ్తలేదా బిడ్డా, అసలుకే లేదా?”

“లేనే లేదవ్వా,” అన్నాను.

పెద్దాయన ఫ్రేమును చంకలో పెట్టుకుని, ఇంకో చేత్తో ఆమెను పట్టుకుని బస్సెక్కాడు. బోరు పంచాయితీ మాత్రం అట్లాగే ఉందని తర్వాత విన్నాను.

ఇక ఒట్టు సంగతి. కోటును కొంచెం సాగదీశాను, చేపను ఇంకొంచెం. వాటిని ఒట్టు కింద లెక్కెయ్యకండి. కానీ మేక అబద్ధం. చిన్నాయన ఆ రోజు ఒక్కడే వచ్చాడు. ఇన్నేళ్లుగా ఈ కథ ఎక్కడ చెప్పినా మేకను పెట్టే చెబుతున్నాను, అందరూ నవ్వుతారు, నాకూ చెప్పడం తేలికవుతుంది. ఇప్పుడు ఆ లేయరు కన్ను నొక్కుతున్నాను.

తమ్ముడు మాయమైనప్పుడు కింద కనిపించింది ఉత్త స్టూలు. దానిపైన, ఏ ఆధారమూ లేకుండా గాలిలో ఆగిపోయిన అవ్వ చెయ్యి. పెద్దాయన నవ్వలేదు. మళ్లీ నొక్కమని అడగలేదు. గడప దాకా పోయి, బస్సులకేసి చూస్తూ, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

“అవ్వ చెయ్యి నొస్తది తమ్మీ. వాన్ని పెట్టు.”